దూడల పేరంటం

యూనివర్సిటీ అనే మాట వింటే నాకు మొదట్నుంచీ ఒక పెద్ద గేటు కనిపించేది. గేటు పక్కన వాచ్‌మన్, అతను మనల్ని కింద నుంచి పైదాకా చూసి "ఎవరు కావాలి?" అనడం. ఇంటర్‌తో పుస్తకాలు కట్టిపెట్టిన దాన్ని, ఆ గేటు దాటే పని నాకెప్పుడూ పడలేదు. న్యూజీలాండ్ వచ్చాక యూనివర్సిటీయే నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నెలకోసారి, తెల్ల వ్యానులో, టైర్ల నిండా బురదతో.

మేముండేది క్రైస్ట్‌చర్చ్‌కి కిందుగా, కారులో గంటన్నర. దాన్ని ఊరనడానికి నాకింకా నోరు రాదు. నాలుగు రోడ్లు కలిసే చోట ఒక రేకుల హాలు, హాలు ఎదురుగా పెట్రోలు పంపు, అంతే. చుట్టూ ఎటు చూసినా గడ్డి, గడ్డి మీద ఆవులు. మా ఆయన అక్కడే ఒక ఫార్మ్‌లో పాలు పితికే పని చేస్తాడు. పితకడమంటే చేత్తో కాదు, మెషీన్లు తగిలించడం. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి చెబితే మా అమ్మ, "ఆ మాత్రం పనికి అంత దూరం వెళ్ళాలా, మన వీధి చివర పాలబ్బాయి ఉన్నాడుగా" అంది. ఒక్కో పూట ఎన్ని ఆవులో చెప్పాక పాలబ్బాయి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ వ్యానులో వచ్చేది ఒక్క మనిషి. యాభై దాటిన ఆవిడ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎండైనా వానైనా అవే మోకాళ్ళ దాకా వచ్చే ఆకుపచ్చ రబ్బరు గమ్‌బూట్లు. పేరు పెట్టి పిలవమంటుంది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నాలుక తిరగదు, అందుకని మొదటి రోజే ఆంటీని చేసేశాను. యూనివర్సిటీలో కొంతమందికి ఇదే ఉద్యోగమట. క్లాసురూములో పిల్లలకి చెప్పే చదువుని పల్లెల్లోకి తెచ్చి, రాగలిగిన వాళ్ళందరికీ చెప్పడం. ఫీజు లేదు, పరీక్ష లేదు, హాజరు పిలవడం లేదు.

ఆవిడ క్లాసుల్లో నేను నేర్చుకున్నవి చెబితే నవ్వుతారు. చలికాలంలో నీళ్ళ పైపు పగలకుండా దానికి ఏం చుట్టాలి. మందు సీసా మీద చిన్న అక్షరాల్లో ఏముంటుంది. మా ఇంటి వెనక ఆపిల్ చెట్టుని ఎక్కడ కత్తిరిస్తే కాస్తుంది. కరెంటు కంచె తగిలితే ఏం చెయ్యాలి, అసలు తగలకుండా ఏం చెయ్యాలి. ఒకసారి దోసెడు మట్టి తెమ్మంది. నేను బిర్యానీ డబ్బాలో తీసుకెళ్ళాను. ఆవిడ దాన్ని చేత్తో నలిపి, వాసన చూసి, "దీనికి సున్నం కావాలి" అంది. ఆ తర్వాత మా మెంతికూర నిజంగానే నిలబడింది. ఆవిడ గురించి నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా నవ్వదు. "మంచి ప్రశ్న" అని కూడా అనదు, జవాబు చెబుతుంది. చదువుకున్న వాళ్ళలో ఇలా ఉండేవాళ్ళని నేను తక్కువ చూశాను.

ఇంత బాగా నడుస్తున్న క్లాసు జూన్ వచ్చేసరికి ఖాళీ అయిపోయింది.

ఎందుకంటే ఇక్కడ జూన్ మొదట్లో ఫార్మ్ పనివాళ్ళు ఇళ్ళు మారతారు. కాంట్రాక్టులన్నీ అప్పుడే అయిపోతాయి, అప్పుడే మొదలవుతాయి. రోడ్ల నిండా ట్రైలర్లే. మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లలు ఎగిరి ఆడే ట్రాంపొలీన్లు, కోళ్ళ గూళ్ళు. కొందరైతే ఆవుల మందని కూడా తోలుకుపోతారు. నాతో పాటు హాలుకి వచ్చే వాళ్ళు దాదాపు అందరూ ఆ వారంలో వెళ్ళిపోయారు. వాళ్ళ ఇళ్ళలోకి కొత్తవాళ్ళు దిగారు. చాలావరకు మనవాళ్ళే. చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఫార్మ్ పని దొరికి, భార్యల్ని తెచ్చుకున్నవాళ్ళు. వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి వెళ్తుంటే పోపు వాసన వచ్చేది. మనిషి మాత్రం బయట కనిపించేది కాదు.

జూన్ క్లాసుకి వచ్చింది నేనూ, హాలు తాళాలు చూసుకునే మామ్మగారూ. ఈ మామ్మగారు పుట్టింది ఇక్కడే, ఎనభైకి దగ్గర్లో ఉంది. చేత్తో అల్లిన స్వెట్టర్, నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు. ఆవిడ క్లాసుకి రాదు, టీ కాయడానికి వస్తుంది. అంటే లెక్క ప్రకారం క్లాసు నేనొక్కదాన్నే.

ఆంటీ అయినా పాఠం పూర్తిగా చెప్పింది. ఆఖర్న కప్పు కడుగుతూ అంది. "మా పైవాళ్ళు ఈ హాలు మానేసి టౌనులో పెట్టమంటున్నారు. అక్కడైతే జనం వస్తారట. నేను ఒక నెల గడువు అడిగాను. జూలైలో కూడా ఇలాగే ఉంటే ఇక నా చేతిలో లేదు."

టౌను అంటే ఇక్కణ్ణుంచి గంట ప్రయాణం. బస్సు లేదు. మా ఆయన తెల్లవారకముందే షెడ్డుకి వెళ్తాడు, మధ్యాహ్నం మళ్ళీ వెళ్తాడు. నాకున్నది లెర్నర్ లైసెన్సు. కారు ముందొకటి వెనకొకటి ఎల్ బోర్డు తగిలించుకుని, పక్కన అసలు లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుంటేనే నడపాలి. అంటే క్లాసు టౌనుకి వెళ్తే నాకు చదువు మళ్ళీ ఆగిపోయినట్టే.

అది కూడా ఎలాంటి సమయంలో! జూలై ఆఖర్నుంచి ఆవులు ఈనతాయి. ఆ ఏడాది మా ఫార్మ్ యజమాని దూడల షెడ్డు నాకు అప్పగిస్తానన్నాడు. న్యూజీలాండ్‌లో నా మొదటి ఉద్యోగం. జూలైలో ఆంటీ చెప్పబోయే పాఠం, సరిగ్గా దూడల పెంపకం. అప్పుడే పుట్టిన దూడని ఎలా చూడాలి, ఏం పట్టాలి, నిలబడలేకపోతే ఏం చెయ్యాలి. మా ఆయన్ని అడిగితే, "యూట్యూబ్ చూడవే" అన్నాడు.

"దూడ పడిపోయినప్పుడు యూట్యూబ్‌ని అడగనా? యాడ్ అయిపోయేదాకా ఆగమ్మా అని దూడకి చెప్పనా?"

"అయితే మీ ఆంటీనే షెడ్లో మంచం వేసుకోమను."

"ఆవిడ వేసుకుంటుంది. మీరు వేసుకుంటేనే, గురక పెడతారని ఆవులు ఒప్పుకోవు."

నవ్వుకున్నాం గానీ నాకు లోపల గుబులే. ఆంటీ జూలై క్లాసుకి కాగితాలు అచ్చువేయించింది. పెట్రోలు పంపు అద్దం మీద ఒకటి, హాలు తలుపు మీద ఒకటి అతికించింది. ఆకుపచ్చ అక్షరాలు, దూడ బొమ్మ, 'అందరికీ స్వాగతం.' చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దాన్ని చూస్తూ నిలబడితే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా పక్కింటి వాళ్ళు సత్యనారాయణ వ్రతానికి మా అమ్మని వీధి గుమ్మంలో నిలబడి "రండి" అన్నారని, లోపలికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని, మా అమ్మ వెళ్ళలేదు. మధ్యలో ఒక్క గోడే ఉంది. ప్రసాదం వాసన కూడా వస్తోంది. అయినా వెళ్ళలేదు. అలాంటి అమ్మల కూతుళ్ళం మేమందరం. పెట్రోలు పంపు అద్దం మీద 'అందరికీ స్వాగతం' అని ఉంటే, ఆ అందరిలో మేమున్నామని మేము ఎందుకు అనుకుంటాం?

ఇంటికొచ్చి కుంకుమ భరిణె తీశాను.

కారు నేనే నడిపాను. పక్కన లైసెన్సు మనిషిగా మామ్మగారు. విషయం చెప్పగానే ఆవిడ పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని, "పద, నాకూ ఇంట్లో ఏం పని లేదు" అని బెల్టు పెట్టుకుంది. దారంతా "గేరు, గేరు" అంటూనే ఉంది. ప్రతి ఇంటి ముందూ కారులోనే కూర్చుని స్వెట్టర్ అల్లుకునేది.

మొదట కరీంనగర్ నుంచి వచ్చిన అక్క ఇల్లు. మా ఫార్మ్ పక్క ఫార్మ్‌లోకి కొత్తగా దిగారు. తలుపు తీసి, నన్నూ నా చేతిలో భరిణెనీ చూడగానే అక్క మొహమంతా వెడల్పయింది.

"అయ్యో, తెలుగోళ్ళా! లోపలికి రా చెల్లె, బయటనే నిలవడ్డవేంది? వచ్చి నెలాయె, నా మొగనితోని, ఆవులతోని తప్ప ఒక్క మనిషితోని మాట్లాడలే. ఆవులే నయం, అవి మొత్తం ఇంటయ్."

బొట్టు పెట్టి, చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టాను. "అక్కా, బుధవారం పదకొండింటికి హాల్లో. యూనివర్సిటీ ఆంటీ వస్తారు, దూడల గురించి చెబుతారు. తప్పకుండా రావాలి."

"బొట్టువెట్టి పిలిస్తే రాకుంట ఉంటమా? ఏమన్న చేసుకొని రావాల్నా?"

"ఏం వద్దక్కా, మీరొస్తే చాలు."

"గట్లనే అంటరు తీ." నవ్వింది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

రెండో ఇల్లు గుంటూరు వైపు అమ్మాయిది. గోడ మీద సిలువ కనిపించింది, వాళ్ళు బొట్టు పెట్టుకోరని భరిణె సంచిలోకి జార్చేశాను. పళ్ళు మాత్రం రెండు చేతులతో ఇచ్చి అదే మాట చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఎందుకమ్మా అంటే, "ఏం లేదండీ, ఉల్లిపాయలు తరుగుతున్నా" అంది. వంటగట్టు మీద ఉల్లిపాయ ఒక్కటీ లేదు.

అలా మరికొన్ని ఇళ్ళు తిరిగాం. ఆఖర్న కారెక్కబోతుంటే మామ్మగారు అల్లిక పక్కన పెట్టి, "నన్ను పిలవలేదేం?" అంది.

"మీరు హాలు వాళ్ళు కదా మామ్మగారూ."

"హాలు వాళ్ళకి ఆ ఎర్రది పెట్టరా?" అని నుదురు ముందుకి వంచింది. పెట్టాను. చేతిలో ఆఖరి అరటిపండు పెట్టాను. అది అక్కడే తినేసి, "గేరు" అంది.

జూలై ఆఖరి బుధవారం వచ్చింది. పదకొండుకి ముందే ఆంటీ కుర్చీలు వేసింది. నాకు కంగారుగా ఉంది, ఆవిడ నాకంటే కంగారుగా ఉంది. అది కనపడనివ్వకుండా, పాఠంలో చూపించడానికి తెచ్చిన ప్లాస్టిక్ దూడ తలకాయకి పైపులు తగిలిస్తోంది. పదకొండయింది. ఎవరూ రాలేదు. పావుగంటయింది. ఒక గొర్రె మాత్రం తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయింది. పదకొండున్నరకి ఆంటీ ఒక కుర్చీ మడిచి గోడకి ఆనించింది. తర్వాత ఇంకొకటి. చప్పుడు కాకుండా మడుస్తోంది, నాకు బాధ కలుగుతుందని. మామ్మగారు టీ పాత్ర కింద మంట తగ్గించింది.

"ఇంకొక్క పది నిమిషాలు ఆంటీ" అన్నాను. "మావాళ్ళు పదకొండు అంటే పన్నెండుకి వస్తారు. అది మాకు మర్యాద. టైముకి వస్తే తిండి కోసం వచ్చారనుకుంటారు."

ఆవిడ చేతిలో కుర్చీ సగంలో ఆగింది. "నిజంగానా?"

"ఒట్టు" అన్నాను. లోపల నాకే నమ్మకం లేదు.

అప్పుడు కంకర మీద టైర్ల చప్పుడైంది. ఒక కారు. వెనకే ఇంకొకటి, దాని వెనక ట్రైలరుతో సహా ఇంకొకటి. కిటికీలోంచి చూసి నేను నోరు తెరిచాను. ముందు దిగింది కరీంనగర్ అక్క. గులాబీరంగు పట్టుచీర, జడలో ప్లాస్టిక్ మల్లెలు, చేతిలో అంత పెద్ద స్టీలు గిన్నె. వెనక గుంటూరు అమ్మాయి కంచిపట్టులో. వాళ్ళ వెనక మిగతా ఇళ్ళవాళ్ళు, ముత్యాల దండలూ జిగేల్‌మనే ఫ్రాకుల్లో పిల్లలూ. కాలికి హీల్స్. బయట బురద చీలమండ దాకా ఉంది.

అక్క గిన్నె బల్ల మీద పెట్టి, చుట్టూ చూసి, నా చెవి దగ్గరికొచ్చింది. "సీమంతం ఎవరికే? నీకా? కడుపు గనిపిస్తలేదు."

"నాకు కాదక్కా!"

"మరి గీ దొరసానికా? ఈ వయసులనా?"

"ఆవులకి అక్కా. ఆవులకి. క్లాసని చెప్పాగా!"

"చెప్పినవా? బొట్టు వెడుతుంటే ఎవరింటరే మాటలు?" అని పకపకా నవ్వి, వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "ఓ పిల్లలూ, సీమంతం ఆవులకంట! మనకు పేరంటం" అంది. హాలంతా నవ్వు. గుంటూరు అమ్మాయి నా కోసం తెచ్చిన జాకెట్టు గుడ్డని ఏం చెయ్యాలో తెలియక, ప్లాస్టిక్ దూడ మెడలో వేసింది. ఆంటీ మడిచిన కుర్చీలు మళ్ళీ తెరవడం మొదలుపెట్టింది. ఈసారి చప్పుడు చేస్తూ.

పాఠం మొదలవకముందే తిండి మొదలైంది. అది మా చేతిలో లేదు. అక్క గిన్నె మూత తీస్తే లోపల జున్ను. బెల్లం, మిరియాలు, యాలకులు. కత్తితో ముక్కలు కోస్తుంటే వణుకుతోంది. నేను ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో. ఆంటీ ఒక ముక్క తింది, కళ్ళు మూసుకుంది, ఇంకో ముక్క తీసుకుంది. "ఇది ఏ కస్టర్డ్? గుడ్డు ఎన్ని వేశారు?"

నేను అక్కకి చెప్పాను, అక్క గర్వంగా జవాబిచ్చింది, నేను ఇంగ్లీషులో అందించాను. "గుడ్డు లేదు, ఏం లేదు. నిన్న పొద్దుగాల మా ఫార్మ్‌ల మొదటి ఆవు ఈనింది. దాని మొదటి పూట పాలు. మా ఆయన బకెట్ పట్టుకొచ్చిండు. మస్తు గట్టిపాలు."

ఆంటీ నములుతున్నది ఆపింది. ముక్క వైపు చూసింది. అక్క వైపు చూసింది. నాకు అర్థమైంది, ఎందుకంటే ఆవిడ ఇచ్చిన కాగితం నేను ముందే చదివాను. ఆ రోజు పాఠం సరిగ్గా ఆ పాల గురించే.

ఇంకెవరైనా అయితే ఒక్క మాట అనేవాళ్ళే. ఆవిడ మింగి, నోరు తుడుచుకుని, వ్యానులోంచి ఒక చిన్న గొట్టం తెచ్చింది. బుల్లి టెలిస్కోపులా ఉంటుంది. మా షెడ్లోంచి తెచ్చిన మొదటి పూట పాలు ఒక చుక్క దాని గాజు మీద వేసి, అక్క చేతికిచ్చి, వెలుతురు వైపు పెట్టి చూడమంది. అక్క ఒక కన్ను మూసింది. లోపల గీతలుంటాయి, పైనుండే నీలం అంచు ఎంత ఎత్తున నిలిస్తే పాలు అంత మంచివి. తర్వాత రెండో రోజు పాల చుక్క వేసి చూపించింది. నీలం అంచు కిందికి పడిపోయింది.

"ఒక్క రోజులనే గింత తేడానా?" అంది అక్క.

అప్పుడు ఆంటీ చెప్పింది. దూడకి పుట్టుకతో రోగాన్ని తట్టుకునే బలం ఉండదట. అదంతా ఆ మొదటి పాలల్లోనే వస్తుంది. పుట్టిన కొద్ది గంటల్లో పట్టాలి, ఆలస్యమైతే పట్టినా ఒంటికి పట్టదు. నేను తెలుగులో చెబుతుంటే అక్క మొహం ఎర్రబడింది. సిగ్గుతో కాదు, కోపంతో.

"ఏందే, నేను దూడ నోరు గొట్టిన్నంటదా? చెప్పు ఆమెకు. మా ఇంట్ల బర్రెలుండె. ఈనంగనే దూడ దాని తల్లి దగ్గరనే ఉంటది. కడుపునిండ అది తాగినంకనే మేం పిండుకుంటం. మిగిలిందే జున్ను. దూడకు లేకుంట మా అమ్మ ఒక్క చుక్క ముట్టనియ్యలే."

చెప్పాను. ఆంటీ మాటామాటా విని, తల ఊపి, అంది. "సరిగ్గా చెప్పారు. మీ ఇంట్లో దూడ తల్లి పక్కన ఉంటుంది. ఇక్కడ పుట్టిన రోజే వేరే షెడ్డుకి తీసుకొస్తాం. తల్లి చేసే పని ఇక్కడ ఎవరో ఒక మనిషి చెయ్యాలి. ఆ మనిషి మీరే."

అది అక్కకి చెప్పాను. అక్క గొట్టాన్ని ఇంకోసారి కంటికి పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "అట్లయితే చూపియ్యమను, ఎట్ల తాపాల్నో" అని చీర కుచ్చిళ్ళు పైకి దోపింది.

దూడలున్నది రోడ్డుకి అవతల మా షెడ్లో. పట్టుచీరలూ హీల్సూ చూసి ఆంటీ మామ్మగారి వైపు తిరిగింది. మామ్మగారు హాలు వెనక గదిలోంచి ఒక అట్టపెట్టె ఈడ్చుకొచ్చింది. ఏళ్ళ తరబడి ఎవరెవరో మర్చిపోయిన గమ్‌బూట్లు. ఒకటి నల్లది ఒకటి ఎర్రది, ఒకటి పిల్లలది ఒకటి పెద్దలది. దొరికింది దొరికినట్టు తొడుక్కున్నారు. జరీ అంచుల కింద గమ్‌బూట్లతో అందరూ వరసగా రోడ్డు దాటుతుంటే, పాల ట్యాంకర్ డ్రైవరు బండి ఆపేసి, మేమందరం దాటేదాకా టోపీ తీసి పట్టుకున్నాడు. ఎవరి పెళ్ళి ఊరేగింపు అనుకున్నాడో.

షెడ్లో దూడలు కొత్త గడ్డి మీద పడుకుని ఉన్నాయి. పొద్దున పుట్టిన పెయ్య ఒకటి నిలబడుతూ కూలబడుతూ ఉంది. ఆంటీ బొడ్డుకి మందు పూయడం చూపించింది. తర్వాత పాల సీసా నాకిచ్చి, "నీ షెడ్డు, నువ్వే పట్టు" అంది. నేను సీసా పెట్టాను. పెయ్య మొహం తిప్పేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తిప్పేసింది. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ళు దూడ నోట్లో పెట్టించింది. ముందు వేళ్ళు చీకనివ్వాలి, అలవాటు పడ్డాక వేళ్ళ మధ్యలోంచి రబ్బరు చన్ను జార్చాలి. దాని నాలుక ఎంత గరుకో, నోరు ఎంత వెచ్చనో. అది వేళ్ళని లాగింది. తర్వాత చన్నుని లాగింది. సీసాలో బుడగలు లేచాయి. వెనక నుంచి అందరూ ఒక్కసారిగా "ఆఁ!" అన్నారు, మా ఇంట్లో మేనకోడలు మొదటి అడుగు వేసినప్పుడు అన్నట్టే.

తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. అందరికీ ఒక దూడ కావాలి. గుంటూరు అమ్మాయి కంచిపట్టు కొంగుని ఒక కోడెదూడ సగం మింగింది. ఆ అమ్మాయి అరుస్తూనే, లాగకుండా, దానికి దెబ్బ తగులుతుందేమోనని నిలబడిపోయింది. "పెళ్ళిచీర అండీ ఇది!" అంటోంది, అంటూనే దూడ తల నిమురుతోంది. అక్క సీసా పట్టిన తీరు చూసి ఆంటీ ఏమీ చెప్పకుండా పక్క దూడ దగ్గరికి వెళ్ళిపోయింది.

మళ్ళీ హాలుకి వచ్చి టీలు తాగాక నాకు ఇంకో చిక్కు వచ్చింది. ఆంటీని పక్కకి పిలిచాను. "ఆంటీ, బొట్టు పెట్టి పిలిచాం. వట్టి చేతులతో పంపకూడదు. ఏదో ఒకటి ఇవ్వాలి."

"ఏం ఇవ్వాలి?"

"మామూలుగా ఆకు, వక్క, పండు, జాకెట్టు గుడ్డ."

ఆవిడ వ్యాను వెనక తలుపు తీసి లోపలికి వంగింది. మట్టి శాంపిల్ సంచులు, చెవి ట్యాగులు, తాడు. ఆఖరికి ఒక పెట్టె దొరికింది, కొత్త రబ్బరు చన్నులు. పుట్టిన దూడకి విరేచనాలైతే పట్టే పొడి పొట్లాలు కూడా ఉన్నాయి. మట్టి సంచుల్లో చన్ను ఒకటి, పొట్లం ఒకటి, పాఠం కాగితం ఒకటి వేసి, గుమ్మం దగ్గర నిలబడి, నేను చెప్పినట్టు రెండు చేతులతో అందించింది. తీసుకున్న ప్రతి మనిషీ అలవాటు కొద్దీ కొంగు పట్టింది.

అందరూ వెళ్ళాక పంపు దగ్గర గమ్‌బూట్లు కడుగుతున్నాం. నేను అడగలేక అడిగాను. "ఆంటీ, మరి క్లాసు?"

"ఫోటోలు పంపాను మా పైవాళ్ళకి. ట్రైలరుతో సహా" అంది. "ఇదేనా మీరు చెప్పిన ఖాళీ హాలు అని అడిగారు. టౌను మాట ఎత్తలేదు. ఆగస్టు క్లాసు ఇక్కడే." బూటు దులిపి గోడకి ఆనించింది. "మళ్ళీ నువ్వు పిలుస్తావు కదా?"

నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. అయినా ఒక మాట ఉండిపోయింది. "నేను పిలవకూడదు ఆంటీ. ఎవరి ఇంట్లో పేరంటమో వాళ్ళే వెళ్ళి పిలవాలి. మొదటిసారి కాబట్టి నేను వెళ్ళాను. క్లాసు మీది. మీరే రావాలి."

ఆవిడ నన్ను చూసి, "ఇది నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు" అంది.

ఆగస్టులో క్లాసుకి ముందు వారం ఆవిడ వ్యాను మా ఇంటి ముందు ఆగింది. దిగి, మా కారులో పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఎల్ బోర్డులు తగిలించి నేను నడిపాను. మామ్మగారిలా గేరు గేరు అనలేదు గానీ, రెండు మలుపుల దగ్గర తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

ముందు అక్క ఇల్లు. గుమ్మం దగ్గర ఆవిడ గమ్‌బూట్లు విప్పింది. లోపల ఊలు మేజోళ్ళు, ఒకదానికి బొటనవేలు దగ్గర చిల్లు. నేను భరిణె చేతికిచ్చాను. మూత తీసి, వేళ్ళు ఒక్కొక్కటీ చూసుకుని, "ఏ వేలు?" అంది గుసగుసగా.

"ఉంగరం వేలు."

తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో పాల సీసా, నైటీ మీద గడ్డిపోచలు. ఆంటీని, భరిణెని, చిల్లు మేజోడుని వరసగా చూసింది. నుదురు తుడుచుకుని ముందుకి వంచింది. ఆంటీ బొట్టు పెట్టింది. కొంచెం పక్కకి పడింది, అయినా పెట్టింది.

"వచ్చినందుకు సంబురమే గని ముందే చెప్తున్న చెల్లె, ఆమెకు చెప్పు" అంది అక్క నాతో. "ఈసారి జున్ను లేదు. మొత్తం దూడ తాగింది."